కాలివేళ్ళ రంగు

ఫోన్ మోగినప్పుడు కమలాబాయి గదిలో గడియ పెట్టుకుని కాలు కడుక్కుంటోంది.

రోజూ పొద్దున్నే ఆమెకు అదొక పెద్ద పని. ఎడమకాలికి బోదకాలు వచ్చి పద్నాలుగేళ్ళు దాటింది. మోకాలి కిందినుంచి పాదం దాకా కాలు వాచి, చర్మం మందమై, మడమ దగ్గర మడతలు పడిపోయింది. టబ్బులో చల్లటి నీళ్ళు పోసుకుని, సబ్బు నురగతో మడత మడతనా వేలు పోనిచ్చి కడుక్కోవాలి. మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. ఎక్కడా తడి లేదని తేలాకే మలాం రాసుకోవాలి. ఇదంతా ఎవరి కంటా పడకుండా చేసుకుంటుంది. పెన్‌పహాడ్ పక్కన వాళ్ళ తండాలో ఆమె ఈడు ఆడవాళ్ళు చాలామంది చీరల్లోకి మారిపోయారు. ఆమె మాత్రం పాత అద్దాల లంగా వదల్లేదు. అది పాదాల మీదకి దిగి కాలిని పూర్తిగా కప్పేస్తుంది. కోడలు రమ్య ఇంటికొచ్చి రెండేళ్ళయినా ఆ కాలును ఒక్కసారీ చూడలేదు.

"అత్తమ్మా, ఫోనండీ! మీ అబ్బాయి. తొందరగా తీయండి" అని రమ్య తలుపు బాదింది. రమ్యది కోదాడ. తనూ లంబాడీ పిల్లే అయినా కోదాడలో పుట్టి పెరిగింది కాబట్టి మాటకు ముందొకటి వెనకొకటి 'అండీ' తగిలిస్తుంది. ఆ మర్యాద కమలాబాయికి ఎప్పుడూ కాస్త ఎడంగా అనిపించేది.

కమలాబాయి భర్త బీక్యా, కొడుకు నవీన్ ఇద్దరూ మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు లారీ మీద డ్రైవర్లు. పది రోజుల కింద బియ్యం లోడుతో కేరళ వెళ్ళారు. ఆమె తలుపు ఓరగా తీసి ఫోన్ అందుకుంది.

"యాడీ," అని తల్లిని పిలిచాడు నవీన్. "బాపుకు గుండె పట్టుకున్నది. కొచ్చిల దవాఖానల ఏసిన. మాట్లాడుతుండు, నువ్వు పరేషాన్ గాకు. మూడు నరాలు బందైనయంట. ఆపరేషన్ జెయ్యాలె అంటున్నరు."

"చేయనియ్యరా! ఇంక దేనికి సూస్తున్నరు?"

"బాపు సంతకం పెడ్తలేడు. నిన్ను సూడందే లోపలికి పోనంటున్నడు. ఎంత జెప్పినా ఇంటలేడు. ఎల్లుండి దాటితె కష్టమని డాక్టరు ఖచ్చితంగ జెప్పిండు."

బీక్యా మొండితనం ఆమెకు కొత్త కాదు. ముప్పై ఏళ్ళుగా లోడుకు పోయే ముందు ఆమె మొహం చూడందే బండి ఎక్కని మనిషి.

గంటలో మిల్లు యజమాని గోపాల్ ఫోన్ చేశాడు. "చెల్లే, రేపు మధ్యాహ్నం విమానానికి నీకూ నీ కోడలికీ టికెట్లు తీసిన. ట్రైనైతే ఒక రోజంత పడ్తది, టైం లేదు. పొద్దుగాల కారు పంపిస్త" అన్నాడు.

విమానం అన్న మాట వినగానే ఆమెకు భయం పట్టుకుంది. ఆమెను భయపెట్టింది ఆకాశం కాదు, కాలు. పోయిన మాఘంలో గుత్తి దగ్గర లంబాడీల సేవాగఢ్ జాతరకు బస్సులో పోయింది. పోను పది గంటలు, రాను పది గంటలు కాలు వేలాడేసుకుని కూర్చుంది. తిరిగొచ్చిన పూటే చలిజ్వరం మొదలైంది. కాలు తొడదాకా కాలిన ఇటుకలా ఎర్రబడింది, గజ్జల్లో బిళ్ళ కట్టింది. సూర్యాపేట దవాఖానలో తొమ్మిది రోజులు సెలైన్ల కింద పడుకుంది. విషం రక్తంలోకి పాకితే మనిషి దక్కదని డాక్టరు నవీన్‌తో చెబుతుంటే కళ్ళు మూసుకునే విన్నది. ఆ మాట ఇప్పటికీ ఆమె చెవుల్లో ఉంది.

రమ్య ఆమెను ఆ పూటే సూర్యాపేట తీసుకుపోయింది. డాక్టరు రిపోర్టులన్నీ తిరగేశాడు.

"రోజంతా ట్రైన్‌లో కూర్చునే కంటే గంటన్నర విమానమే నయం. కానీ పైన గాలి ఒత్తిడి తక్కువుంటుంది, కాలు ఇంకా ఉబ్బుతుంది. కట్టు లేకుండా ఎక్కొద్దు. పది నిమిషాలకోసారి పాదం పైకీ కిందికీ ఆడించాలి. నీళ్ళు తాగాలి. ఇంకో మాట, నీ గుండె కూడా అంత గట్టిది కాదు. ఉప్పు ముట్టొద్దు. విమానంలో ఏది పెట్టినా ఉప్పే ఉంటుంది. ఇంటి రొట్టె పట్టుకుపో" అన్నాడు.

పక్క గదిలో నర్సు శాంతమ్మ ఆమెను తూకం మిషన్ మీద నిలబెట్టింది. అంకె చూసి కనుబొమలు ముడిచింది.

"కమలమ్మా, పోయిన నెలకన్న రెండు కిలోలు ఎక్కినవ్. ఇది కండ గాదు, నీరు. ఉప్పు తిన్నవా?"

"లేదు సిస్టరూ, నీ తోడు" అంది కమలాబాయి. అబద్ధం. ఏడాదిగా చప్పిడి కూర తినీ తినీ నాలుక చచ్చిపోయింది. బీక్యా లోడుకు పోయిన రోజునుంచి, రమ్య పెన్‌పహాడ్‌లో బట్టలు కుట్టే పనికి పోగానే, రోజూ మధ్యాహ్నం కొత్త మామిడికాయ తొక్కు వేసుకుని అన్నం తింటోంది. ఒట్టు పెట్టిన నోరు ఎండిపోయింది. పక్కనే రమ్య ఉంది. చెబుదామన్నా ఎట్లా చెబుతుంది?

శాంతమ్మ ఆ మాట నమ్మిందో లేదో తెలియదు. డాక్టరునడిగి వచ్చి, నీరు లాగే గోలి రెండు రోజులు రెండేసి వేసుకోమంది. పడుకుంటే దమ్ము వచ్చినా, కాలు ఎర్రబడినా ఆగకుండా దవాఖానకు పొమ్మంది. జ్వరం గోలీలు, కాలికి చీము పట్టకుండా మందు, మలాం ఒక సంచిలో పెట్టి ఇచ్చింది. తర్వాత కాలు బల్ల మీద పెట్టించి కట్టు కట్టడం చూపించింది.

"వేళ్ళ మొదట్ల నుంచి షురూ చెయ్యాలె. మడమ కాడ జర బిగువు, పైకి పోయినకొద్ది వదులు. ఒక సుట్టు మీద సగం ఇంకో సుట్టు. అయినంక బొటనవేలు గోరు నొక్కి వదిలిపెట్టు. రెండు లెక్కబెట్టే లోపల ఎర్రదనం మళ్ళ రావాలె. వేళ్ళు నీలంగయినా, మొద్దుబారినా అక్కడిదక్కడ విప్పెయ్యాలె. గట్టిగ కడితే మంచిదనుకోకు."

కమలాబాయి తలెత్తేసరికి రమ్య గుమ్మం దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం జేస్తున్నవ్? నా కాలు ఫోన్ల ఎక్కిస్తున్నవా?"

"కట్టే పద్ధతి అండీ, అంతే. మర్చిపోతానని."

"నేను కట్టుకుంట. నువ్వు బయటికి పో."

రమ్య ఫోన్ దించి వెళ్ళిపోయింది. కాలు చూసేసింది గదా అని కమలాబాయి మొహం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు తెల్లవారకముందే లేచి గడియ పెట్టుకుంది. కాలు కడిగి, ఆరబెట్టి, కట్టు అందుకుంది. పైన ఉబ్బుతుందన్నాడు డాక్టరు. ఉబ్బే సందు ఇయ్యకుంటే సరిపోతది గదా అనుకుంది. ఒక్కో చుట్టూ పళ్ళ బిగువున లాగి కట్టింది. నీరు లాగే గోలీలు చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. వేసుకుంటే అరగంటకోసారి లేవాలి. కారులో ఎవరినడుగుతుంది? విమానంలో ఎక్కడికి పోతుంది? గోలీలు ఓణీ కొంగున ముడేసుకుంది. నీళ్ళు కూడా గుక్కెడే తాగింది.

కారు సూర్యాపేట దాటి హైదరాబాదు రోడ్డెక్కింది. రమ్య తన సంచి అడ్డంగా పెట్టి, "కాలు దీని మీద చాపండి అత్తమ్మా" అంది. కమలాబాయి చాపింది. నకిరేకల్ వచ్చేసరికే మడమ దగ్గర సలపరం మొదలైంది. చౌటుప్పల్ దగ్గర అది తగ్గింది. తగ్గిందని సంతోషపడింది గానీ, తగ్గింది నొప్పి కాదు, స్పర్శ అని ఆమెకప్పుడు తెలియలేదు.

శంషాబాదులో తనిఖీ దగ్గర ఆడ పోలీసు ఆమెను తెర వెనక్కి పిలిచింది. లంగాకున్న అద్దాలకూ బిళ్ళలకూ పోలీసు చేతిలోని తనిఖీ కర్ర కుయ్‌కుయ్ మంటోంది. కాలి దగ్గర లావుగా ఏదో చుట్టి ఉందని గ్రహించి లంగా పైకెత్తమంది. కమలాబాయి ప్రాణం చచ్చిపోయింది. దొంగతనం బయటపడ్డ మనిషిలా నిలబడి లంగా జానెడు లేపింది. పోలీసు వంగి కట్టు తడిమింది. "ఫైలేరియా?" అని మెల్లగా అడిగింది. తల ఊపగానే, "జావో అమ్మా" అని తనే లంగా సరిచేసి పంపింది.

విమానంలో నడవ పక్క సీటు కమలాబాయిది, నడిమిది రమ్యది. కిటికీ దగ్గర ఒక మలయాళీ పెద్దాయన. తలుపులు మూశారు. రమ్య అత్త బెల్టు బిగించింది. విమానం కదల్లేదు. కాసేపటికి మైకులో ఏదో చెప్పారు. కొచ్చిలో పెద్ద వాన పడుతోందట, గంటో గంటన్నరో ఇక్కడే ఆగాలట.

"కాలు ఆడిస్తున్నారా అత్తమ్మా?"

"ఆడిస్తున్న."

ఆడిస్తున్నాననే అనుకుంటోంది. పాదం కదులుతోందో లేదో తెలియడం లేదు. పాదం ఉండవలసిన చోట ఒక మొద్దు ఉన్నట్టుంది. రమ్య మూత తీసి జొన్న రొట్టె, ఉప్పులేని పప్పు ముందు పెట్టింది. ముక్క గొంతు దిగలేదు. పెద్దాయన అరటికాయ చిప్సు పొట్లం విప్పి మర్యాదగా ఇటు చాపాడు. ఉప్పు వాసనకు ఆమె నోట్లో నీరూరింది. వెంటనే తొక్కు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. చెయ్యి అడ్డం పెట్టింది.

అరగంట గడిచింది. ఎవరో ఛాతీ మీద బియ్యం బస్తా పెట్టినట్టు బరువు మొదలైంది. ఊపిరి పీల్చుకుంటే సగంలోనే ఆగిపోతోంది. రెండు కిలోల నీరు, శాంతమ్మ అన్నది ఇదే. ఆ నీరు ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతోందా? కింద కాలు చచ్చిపోతోంది, పైన ఊపిరి అందడం లేదు. ఒంటి మీదంతా చల్లటి చెమట పట్టింది.

చెబితే కిందికి దింపేస్తారు. దింపేస్తే బీక్యా సంతకం పెట్టడు. రేపు దాటితే కష్టం. చెప్పకపోతే, పైకి పోయాక, మబ్బుల మధ్య ఇక్కడే పోతుంది. అప్పుడు కొచ్చిలో దిగేది శవమే. అది చూసి అతని గుండె ఆగుతుంది. ఎటు తిరిగినా చావే కనబడింది. సేవాభాయా, సేవాభాయా అని తమ దేవుణ్ణి లోలోపల జపిస్తూ ఊపిరులు లెక్కబెట్టుకుంది. ఇరవై దాకా వచ్చి లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తప్పింది.

చివరికి రమ్య మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి ఐసు ముక్కలా ఉంది.

"రమ్యా, కాలి ఏళ్ళు తెలుస్తలేవు బిడ్డా."

రమ్య బెల్టు తీసేసి, ముందు సీటుకూ వీళ్ళ సీటుకూ మధ్య ఇరుకులో నేల మీద కూర్చుని లంగా అంచు లేపింది. కట్టు చివర బయటికి కనబడే వేళ్ళు నేరేడుపండ్ల రంగులో ఉన్నాయి. గోరు నొక్కి వదిలింది. రెండు లెక్కబెట్టింది, అయిదు లెక్కబెట్టింది. తెల్లమచ్చ తెల్లమచ్చగానే ఉంది.

"అయ్యో, అత్తమ్మా! ఎప్పట్నుంచి ఇలా?"

"ఇంటి కాడి నుంచే. నేనే గట్టిగ కట్టిన."

రమ్య చెయ్యెత్తి పిలిచింది. ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది. విషయం అర్థమవగానే పెద్దాయన తనంతట తానే లేచి వెనక సీటుకు పోయాడు. రమ్య అత్తను కిటికీ వైపు వెన్ను ఆనించి కూర్చోబెట్టి, మిగతా రెండు సీట్ల మీద కాలు చాపించింది. పిన్నులు తీసి కట్టు విప్పడం మొదలుపెట్టింది. విప్పేకొద్దీ మలాం, చెమట కలిసిన వాసన గుప్పుమంది. అటు పక్క వరుసలో ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. వెనకనుంచి ఎవరో లేచి తొంగి చూశారు. కమలాబాయి తల మీది ఓణీ మొహం మీదికి లాక్కుంది. పద్నాలుగేళ్ళు దాచిన కాలు నూటఎనభై మంది మధ్య నగ్నంగా పడి ఉంది. ఆమెకు సిగ్గు పడే ఓపిక కూడా లేదు. ఓణీ లోపల ఆమెకున్నది ఒకటే ప్రశ్న: రంగు వస్తుందా, రాదా?

"వస్తోందా బిడ్డా?"

"ఆగండి."

"వస్తలేదా?"

"అత్తమ్మా, ఊరుకోండి కాసేపు. నేనూ చూస్తున్నాను."

రమ్య గొంతు కూడా వణుకుతోంది. ఆ వణుకు విన్నాక కమలాబాయికి ఆశ పోయింది. బొటనవేలు కోసేస్తారో, పాదమే తీసేస్తారో అనుకుంది. అంతలో మడమలోంచి వేలకొద్దీ సూదులు ఒక్కసారిగా గుచ్చుకున్నాయి. ఆమె కెవ్వున అరిచింది.

"వచ్చింది!" అంది రమ్య. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నొప్పి తెలుస్తోందా? తెలియనివ్వండి, మంచిదే. చూడండి, ఎర్రబడుతున్నాయి."

కాలు నెమ్మదించింది గానీ ఊపిరి నెమ్మదించలేదు. కమలాబాయి మాట మధ్యలో ఆగి ఆగి గాలి పీల్చడం రమ్య గమనించింది. "దమ్ము వస్తోందా?" అని అడిగింది.

కమలాబాయి అటూ ఇటూ చూసి, పక్కవాళ్ళకు అర్థం కాకుండా తమ లంబాడీ మాటలోకి దిగింది. తొక్కు సంగతి చెప్పింది. ఒట్టు సంగతి చెప్పింది. కొంగు ముడి విప్పి అరచేతిలో గోలీలు చూపించింది. "వాళ్ళకు చెప్పకు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత. దించేస్తరు. మీ మామ సంతకం పెట్టడు."

రమ్య గోలీల వైపు చూసింది. కోపమొచ్చిందని మొహంలో తెలుస్తోంది. అయినా గొంతు పెంచలేదు.

"చెప్పకుండా ఎక్కి, మధ్యలో మీకేమన్నా అయితే నేను మామయ్య ముందు ఏ మొహంతో నిలబడాలి? చెప్తాను అత్తమ్మా. దింపితే దిగుదాం. దిగి మామయ్యకు వీడియో కాల్ చేసి నేనే బతిమాలతాను."

చెప్పింది కూడా. పది నిమిషాలలో మెట్లు మళ్ళీ తగిలించారు. విమానాశ్రయం డాక్టరు, యాభై ఏళ్ళ మనిషి, లోపలికొచ్చాడు. వేలికి క్లిప్పు పెట్టాడు, బీపీ చూశాడు, వీపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. కమలాబాయి అతని పెదాల వంకే చూస్తోంది. జీవితంలో ఏ తీర్పు కోసమూ అంత భయంగా ఎదురు చూడలేదు.

"ఆక్సిజన్ తొంభై అయిదు. ఊపిరితిత్తుల అడుగున కొంచెం నీరు చేరింది, సగం భయం కూడా ఉంది" అన్నాడు తెలుగులో. "ఈ గోలీలు ఇప్పుడే నా ముందు వేసుకోండి. ఇరవై నిమిషాలు చూస్తాను. తగ్గితే పంపిస్తాను, తగ్గకపోతే నాతో దిగాల్సిందే. ఏడ్చినా వినను."

ఆమె గోలీలు మింగింది. ఆ ఇరవై నిమిషాల్లో రమ్య ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, సూర్యాపేటలో తీసిన వీడియో ఆపి ఆపి చూస్తూ మళ్ళీ కట్టు కట్టింది. వేళ్ళ మొదట్లో ఒక చుట్టు. పాదం మీద సగం మీద సగం. మడమ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి, పైకి పోయినకొద్దీ చెయ్యి వదులు చేసింది. చుట్టు చుట్టుకూ ఆగి గోరు నొక్కి చూసింది. ఆ మడతల మీద ఆమె వేళ్ళు కాస్త కూడా తడబడలేదు. కమలాబాయి ఓణీ సందులోంచి అదంతా చూసింది.

డాక్టరు మళ్ళీ క్లిప్పు పెట్టాడు. "తొంభై ఏడు. మాటలు తెగకుండా వస్తున్నాయి. వెళ్ళి రండి. దిగగానే అక్కడి డాక్టరుకు చూపించాలి. ఈ పాప చెప్పినట్టు వినండి" అని దిగిపోయాడు.

విమానం లేచేటప్పుడు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. కడుపు కిందికి జారిపోయింది. రమ్య చెయ్యి విడిచిపెట్టలేదు. బెల్టు లైటు ఆరిన అయిదు నిమిషాలకే గోలీ పని మొదలుపెట్టింది. సీట్లు పట్టుకుని ఆ ఇరుకు బాత్రూముకు పోయింది. పని అయ్యాక రమ్య చెప్పిన మీట నొక్కగానే అది పులిలా గాండ్రించింది. కింద తలుపు తెరుచుకుని తనను ఆకాశంలోకి లాగేస్తోందనుకుని గోడకు కరుచుకుపోయింది. తలుపు గడియ తీయడం తెలియక బాదింది. రమ్య బయటనుంచి "పక్కకు జరపండి, పక్కకు!" అని అరిచింది. గంటన్నరలో నాలుగుసార్లు పోయింది. నాలుగుసార్లూ అంతే భయపడింది. పోయొచ్చిన ప్రతిసారీ ఛాతీ మీది బస్తా కాస్త తేలికైంది. నాలుగోసారి తర్వాత రొట్టె అడిగి సగం తిన్నది.

కొచ్చిలో వాన ఇంకా వదల్లేదు. చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. నవీన్ తల్లిని చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దవాఖానలో బీక్యా ఒంటినిండా తీగలతో పడుకుని ఉన్నాడు. పది రోజుల్లో సగమైపోయాడు. భార్యను చూడగానే, "ఇంతసేపాయె ఏంది? ఎదురుసూసి సూసి..." అని ఆయాసంతో ఆగిపోయాడు.

"వానకు ఆపిండ్రు." అంతకంటే ఏమీ చెప్పలేదామె. "సంతకం పెట్టు ముందు."

"నేను లోపలికి పోయి రాకుంటె?"

"నేను గిట్ల కాలేసుకుని మబ్బులకెల్లి ఒచ్చిన. నువ్వు మంచం మీద పండుకుని పోయి రాలేవా?"

బీక్యా ఆమె కాలి వైపు చూశాడు, మొహం వైపు చూశాడు. పెన్ను తీసుకుని వంకర టింకరగా పేరు రాశాడు.

ఆ సాయంత్రం అక్కడి డాక్టరు కమలాబాయిని కూడా చూశాడు. ఊపిరి పరవాలేదన్నాడు. కానీ కట్టు విప్పితే మడమ పైన అరచేతి వెడల్పున ఎర్రగా కమిలి వేడిగా ఉంది. గట్టిగా కట్టిన చోట చర్మం ఒరుసుకుపోయింది. కమలాబాయికి మాఘమాసపు చలిజ్వరం కళ్ళముందు కదిలింది. రేపు బీక్యాను లోపలికి తీసుకుపోయే వేళకు తను కూడా మంచం పడితే? రమ్య శాంతమ్మకు ఫోన్ కలిపింది.

"సంచిలున్న మందు ఇప్పుడే షురూ చేయించు. ఎర్రదనం సుట్టూ పెన్నుతోని గీత గియ్యి. గీత దాటిందా, వెంటనే దవాఖానల వెయ్యి. కాలు గుండెకన్న ఎత్తుల పెట్టి పండుకోబెట్టు" అంది శాంతమ్మ.

రమ్య గీత గీసింది. ఆ రాత్రి కమలాబాయి కాలి కింద దిండ్లు పెట్టించుకుని పడుకుంది. మెలకువ వచ్చినప్పుడల్లా తల లేపి గీత చూసుకుంది. దాటిందేమోనని, దాటబోతోందేమోనని. గజ్జల్లో చెయ్యి పెట్టి బిళ్ళ కట్టిందేమోనని తడుముకుంది. అర్ధరాత్రి దాటాక కూడా ఎర్రదనం గీతకు లోపలే ఉంది, తెల్లవారేసరికి ఒక వేలెడు వెనక్కి తగ్గింది. జ్వరం రాలేదు.

అదే పొద్దున బీక్యాను లోపలికి తీసుకుపోయారు. అయిదున్నర గంటలు. కమలాబాయి బయట బల్ల మీద కాలు చాపుకుని కూర్చుంది. నవీన్ నడుస్తూనే ఉన్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె ఊపిరి ఆగిపోయేది. తెరుచుకున్నది వేరేవాళ్ళ కోసమని తెలిసి మళ్ళీ ఆడేది. చివరికి పచ్చ టోపీ డాక్టరు వచ్చి నవీన్ భుజం తట్టాడు. అతనేం చెప్పాడో భాష అర్థం కాకపోయినా, తట్టిన తీరుకే ఆమెకు తెలిసిపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. రెండు రోజులుగా ఆపుకున్నదంతా వచ్చింది.

నాలుగో రోజు బీక్యాను వార్డులోకి మార్చారు. మధ్యాహ్నం అన్నం తెచ్చారు. ఒక ముద్ద తిని మొహం చిట్లించాడు.

"ఉప్పు మరిచిండ్రా ఏంది?"

"మరువలేదు. నీకూ బందే ఇగ" అంది కమలాబాయి.

బీక్యా ఇంకో ముద్ద తీసుకున్నాడు. తర్వాత, "విమానంల భయమైందా?" అని అడిగాడు.

"అయింది. వాపసు పోవాలంటె ఇప్పుడు సుత భయమే."

"ఏమాయె, చెప్పరాదు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తొక్కు దగ్గర కాస్త తడబడింది గానీ దాచలేదు. అతను వింటూ వింటూ విమానంలోకి డాక్టరు వచ్చిన చోట నిద్రలోకి జారుకున్నాడు. రమ్య టబ్బులో నీళ్ళు పట్టుకుని వచ్చి మంచం పక్కన దించింది. పక్క మంచాల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కమలాబాయి వాళ్ళ వంక ఒకసారి చూసి, లంగా మోకాలి దాకా మడిచి కాలు రమ్య ముందుకు పెట్టింది.

"నీ చేతులకు నీళ్ళు మరీ సల్లగున్నయా బిడ్డా?"

"లేదండీ, సరిపోతాయి" అంది రమ్య.